టెయిల్ లాంపుల్లో ఎల్ఈడీ బల్బులు: బ్రేకు కొట్టినా వెనకవాళ్ళకి తెలియని కారు

బండి పన్నెండేళ్ళు దాటిన పెట్రోల్ హాచ్‌బ్యాక్. 12 వోల్టుల సిస్టమ్. వెనక ఒక్కో పక్క మూడు బల్బులు: పార్కింగ్, బ్రేకు రెండూ ఒకే గాజులో ఉండే డబుల్ కాంటాక్ట్ బల్బు, ఇండికేటర్‌ది, రివర్స్‌ది. నంబర్ ప్లేటుకీ, ముందు పార్కింగ్‌కీ చిన్న టీ10 బల్బులు. వెనక అద్దం పైన ఉండే మూడో బ్రేక్ లైటు కంపెనీ నుంచే ఎల్ఈడీ. ఓనరు రాత్రిళ్ళు హైదరాబాద్–విజయవాడ హైవే మీద ఎక్కువగా తిరుగుతాడు. వెనక వెలుగు బాగుండాలని ఆన్‌లైన్‌లో తెల్ల ఎల్ఈడీల సెట్టు తెప్పించి, రివర్స్ తప్ప మిగతా బల్బులన్నీ తనే మార్చుకున్నాడు.

తర్వాత మొదలైన ఫిర్యాదులతో బండిని మా షెడ్డుకి తెచ్చాడు. అవి ఇవి. రాత్రి లైట్లు వేసి ఉండగా బ్రేకు కొడితే వెనక వచ్చేవాళ్ళకి తేడా తెలియట్లేదు. ఇండికేటర్ టకటకా రెట్టింపు వేగంతో కొట్టుకుంటోంది. పగలు లైట్లన్నీ ఆపి ఉన్నా బ్రేకు తొక్కగానే నంబర్ ప్లేటు లైటు మిణుకుమంటోంది. పార్కింగ్ వేస్తే పైనున్న మూడో బ్రేక్ లైటు మసగ్గా వెలిగే ఉంటోంది. ఇవి కాక, ఎల్ఈడీ పెట్టకముందు నుంచీ కుడి పక్క బ్రేక్ లైటు ఎడమదానికంటే డల్లుగా ఉండేదట. కొత్త బల్బులతో అది మాత్రం "సరైపోయింది" అన్నాడు. సరికాలేదు, ఆ సంగతి కిందికి వస్తుంది.

పాత బల్బు ఏం చేసేది

ఈ హోల్డర్లో ఉండాల్సిన బల్బుని కంపెనీ పుస్తకాల్లో పీ21/5డబ్ల్యూ అంటారు. షాపులో 1157 అన్నా, "21/5 డబుల్ కాంటాక్ట్" అన్నా ఇచ్చేస్తారు. దీని మూతి పేరు బీఏవై15డీ. 15 మిల్లీమీటర్ల మూతి మీద రెండు పిన్నులు ఎదురెదురుగా ఉంటాయి, కానీ ఒకటి పైకి, ఒకటి కిందికి. బల్బు తిరగేసి పెట్టకుండా ఆ ఏర్పాటు. రెండు పిన్నులూ ఒకే ఎత్తులో ఉంటే అది సింగిల్ ఫిలమెంటు (వెలిగే తీగ) బల్బు, 1156. లోపల 21 వాట్ల తీగ బ్రేకుకి, 5 వాట్ల తీగ పార్కింగ్‌కి. ప్రమాణం ప్రకారం పెద్దది 440 ల్యూమెన్లు (మొత్తం వెలుగు కొలత), చిన్నది 35. అంటే పన్నెండు రెట్ల పైచిలుకు తేడా.

వెనక వచ్చే డ్రైవరు కన్ను చదివేది ఈ తేడానే. ఎర్రగా ఎంత వెలుగుతోందన్నది రెండో సంగతి. "ఇప్పటిదాకా ఉన్న ఎరుపు ఒక్కసారిగా ఎంత పెరిగింది" అన్నదాన్ని బట్టే అతని కాలు బ్రేకు మీదికి వెళ్తుంది. యూరప్ నియమం, యూఎన్ రెగ్యులేషన్ 7, ఒకే కిటికీలోంచి రెండు పనులూ చేసే లాంపులకు కనీసం 5:1 నిష్పత్తి ఉండాలంటుంది. సూటిగా వెనక నుంచి చూస్తే బ్రేక్ లైటు కనీసం 60 క్యాండెలా (ఒక దిక్కుకి వెళ్ళే వెలుగు కొలత), పార్కింగ్ కనీసం 4. పార్కింగ్‌కి పైహద్దు కూడా ఉంది, విడి లాంపుకి 17. పార్కింగ్ మరీ ఎక్కువైతే బ్రేకు అందులో కలిసిపోతుంది కాబట్టే ఆ హద్దు.

రెండో విషయం తీగ ఉన్న చోటు. ఈ బల్బులో వెలుగు కేంద్రం మూతి దగ్గరి ఆనుడు పిన్నుల నుంచి 31.8 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. లాంపు లోపలి రిఫ్లెక్టర్ వంపు ఆ బిందువుని లెక్కలోకి తీసుకునే తయారవుతుంది. అక్కడినుంచి వెలుగు అన్ని దిక్కులకూ వెళ్ళి, రిఫ్లెక్టర్ మీద పడి, వెనక్కి మళ్ళుతుంది. ఎల్ఈడీ చిప్పు తను చూసే దిక్కుకే వెలుగు చిమ్ముతుంది. చిప్పులు ఎక్కడ, ఎటు చూస్తూ అతికించారన్నదాన్ని బట్టే అదే లాంపు బాగా పనిచేయడమో పనికిరాకుండా పోవడమో జరుగుతుంది.

వచ్చినప్పుడు కొలతలు

రాత్రి షట్టరు దించిన షెడ్డులో, లాంపుకి సరిగ్గా ఒక మీటరు వెనక, అదే ఎత్తులో వెలుగు కొలిచే లక్స్ మీటరు పెట్టి కొలిచాం. ఒక మీటరు దూరంలో లక్స్ అంకె, క్యాండెలా అంకె ఒకటే అవుతాయి, లెక్క సులువు. ఇంజను ఆన్‌లో ఉంది, బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు. ఒక హెచ్చరిక: చవక లక్స్ మీటర్లు ఎర్ర వెలుగుని సరిగా చదవవు. కాబట్టి విడి అంకెని నమ్ముకోకుండా, అదే మీటరుతో, అదే లాంపులో కొత్త ఫిలమెంటు బల్బు పెట్టి తీసిన అంకెతో పోల్చుకోవాలి.

తెల్ల ఎల్ఈడీతో పార్కింగ్ 19, బ్రేకు 47. నిష్పత్తి రెండున్నర. పార్కింగ్ ఉండాల్సినదానికంటే ఎక్కువ, బ్రేకు ఉండాల్సినదానికంటే తక్కువ. వెనకవాళ్ళకి తేడా తెలియకపోవడంలో వింతేం లేదు. పోలిక కోసం కొత్త 21/5 మామూలు బల్బు పెడితే పార్కింగ్ 7, బ్రేకు 91 వచ్చాయి. ముప్పై నలభై రూపాయల బల్బు ఇది.

ఆ 47 మీద కూడా భరోసా లేదు. పెడల్‌కి కర్ర ఆనించి పది నిమిషాలు బ్రేక్ లైటు వెలిగించి ఉంచితే 36కి పడిపోయింది. ట్రాఫిక్‌లో సిగ్నల్ దగ్గర బ్రేకు మీద కాలు పెట్టుకుని కూర్చునేవాడి బండి పరిస్థితి అదే. చిప్పు వేడెక్కితే వెలుగు తగ్గుతుంది, ఆ వేడిని బయటికి లాగే అల్యూమినియం ఈ బల్బులో పేరుకి మాత్రమే ఉంది. డబ్బా మీద మాత్రం వేలల్లో ల్యూమెన్లు అచ్చేశారు. పైన పటారం లోన లొటారం.

తెల్లది ఎర్ర అద్దం వెనక ఎందుకు పనికిరాదు

ఫిలమెంటు వెలుగు చూడటానికి తెల్లగా, కాస్త పసుపుగా ఉన్నా అందులో ఎరుపు పుష్కలం. ఎర్ర అద్దం మిగతా రంగుల్ని మింగేసి ఆ ఎరుపుని వదులుతుంది. తెల్ల ఎల్ఈడీ అసలు నీలం చిప్పు. దాని మీద పూసిన పసుపు ఫాస్ఫర్ వల్ల తెల్లగా కనబడుతుంది. అందులో నీలం, ఆకుపచ్చ, పసుపు ఎక్కువ, ఎరుపు తక్కువ. ఎర్ర అద్దం దాకా వెళ్ళాక అందులో చాలా భాగం అక్కడే ఆగిపోతుంది. బయటికి వచ్చేది కూడా గులాబీ ఛాయలో ఉంటుంది, అద్దం వెలిసిపోయి ఉంటే మరీనూ. ఎర్ర ఎల్ఈడీ 620–630 నానోమీటర్ల దగ్గర ఒకే రంగు ఇస్తుంది, అద్దం దాన్ని దాదాపు ఆపదు. కాబట్టి ఎర్ర అద్దానికి ఎర్ర ఎల్ఈడీ, పసుపు అద్దానికి పసుపు ఎల్ఈడీ. తెల్లది రివర్స్‌కీ నంబర్ ప్లేటుకీ.

ఒక్క మినహాయింపు. కొన్ని పాత బండ్లలో టెయిల్ లాంపు అడుగున పారదర్శకమైన చిన్న కిటికీ ఉండి, నంబర్ ప్లేటుకి వెలుగు అందులోంచే వస్తుంది. అక్కడ ఎర్ర ఎల్ఈడీ పెడితే ప్లేటు ఎర్రబడుతుంది. అలాంటి లాంపులో ఫిలమెంటు బల్బు ఉంచడమే నయం.

కుడి పక్క అసలు జబ్బు

కుడి లాంపు హోల్డర్ ప్లేటుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య మల్టీమీటరు పెట్టి బ్రేకు తొక్కితే 0.2 వోల్టులు చూపించింది. చూడగానే ఎర్తు, అంటే కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్ళే దారి, బాగానే ఉందనిపిస్తుంది. ఎల్ఈడీ తీసేసి 21 వాట్ల మామూలు బల్బు పెట్టి మళ్ళీ కొలిస్తే 1.6 వోల్టులు. ఎర్తు దారిలో ఒక ఓమ్‌కి కాస్త తక్కువ అడ్డం ఉంది. ఎల్ఈడీ లాగే కరెంటు పావు ఆంపియరు లోపు కాబట్టి ఆ అడ్డం మీద వోల్టేజి పెద్దగా పడలేదు. ఫిలమెంటు రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది కాబట్టి బయటపడింది.

ఫిలమెంటు వెలుగు వోల్టేజి తగ్గినదానికంటే చాలా వేగంగా తగ్గుతుంది, దాదాపు మూడున్నరో ఘాతంలో. 13.5 వోల్టులు అందాల్సిన చోట 11 అందితే వెలుగు సగానికి సగం పోతుంది. ఓనరు ఇన్నాళ్ళూ డల్లు బల్బు అనుకున్నది తుప్పు పట్టిన ఎర్తు. ఎల్ఈడీ దాన్ని బాగుచేయలేదు, కప్పిపెట్టింది. తుప్పు పెరిగి ఒకరోజు ఎర్తు పూర్తిగా తెగితే బ్రేకు కరెంటు ఆ బల్బులోంచే పార్కింగ్ లైనులోకి తిరగబడుతుంది, బ్రేకు తొక్కితే ఇంకెక్కడో లైటు వెలుగుతుంది. అందుకే ఎల్ఈడీకి మారే ఏ బండిలోనైనా ఎర్తుని ఫిలమెంటు బల్బు లోడు పెట్టే కొలవాలి. 0.1 వోల్టు దాకా మామూలు. 0.3 దాటితే విప్పి శుభ్రం చేయాల్సిందే.

డిక్కీ పక్క ట్రిమ్ తీస్తే ఎర్తు బోల్టు కనబడింది. రింగు టెర్మినల్ చుట్టూ ఆకుపచ్చ పొడి, కింద రేకు మీద పెయింటు అలాగే ఉంది. ఎప్పుడో డెంటింగ్ చేసినప్పుడు పెయింటు మీదే బోల్టు బిగించేశారు. ఎమరీ పేపరుతో రేకు మెరిసేదాకా రుద్ది, కొత్త రింగు టెర్మినల్ క్రింప్ చేసి, పళ్ళ వాషరు వేసి బిగించి, పైన పెయింటు పూశాం. హోల్డర్ ప్లేటు నుంచి అదే బోల్టుకి 1.5 చదరపు మిల్లీమీటర్ల నల్ల వైరు అదనంగా వేశాం. తర్వాత 21 వాట్ల లోడుతో 0.06 వోల్టులు.

దెయ్యం వెలుగు

బ్రేకు తొక్కితే నంబర్ ప్లేటు, పార్కింగ్ వేస్తే పైన బ్రేక్ లైటు. ఇలా సంబంధం లేని లైటు మిణుకుమంటే చాలామంది వైరింగ్ కలిసిపోయిందని హార్నెస్ (వైర్ల కట్ట) అంతా విప్పుతారు. ముందు బల్బుని అనుమానించాలి.

చవక డబుల్ కాంటాక్ట్ ఎల్ఈడీల్లో పార్కింగ్ కాంటాక్టుకో రెసిస్టరు, బ్రేకు కాంటాక్టుకో రెసిస్టరు పెట్టి, రెండిటినీ ఒకే చిప్పుల వరుసకి కలిపేస్తారు. మధ్యలో కరెంటు వెనక్కి పోకుండా ఆపే డయోడు ఉండదు. బ్రేకు కాంటాక్టుకి 12 వోల్టులు రాగానే కొంత కరెంటు పార్కింగ్ కాంటాక్టు గుండా ఆ లైనులోకి జారుతుంది, కొన్ని మిల్లీ ఆంపియర్లే. లైను మీద ఒక్క 5 వాట్ల ఫిలమెంటు ఉన్నా దాని చల్లటి తీగ రెండు మూడు ఓమ్‌లే కాబట్టి ఆ కరెంటుని చప్పుడు లేకుండా మింగేస్తుంది. ఇక్కడ ముందు పార్కింగ్, నంబర్ ప్లేటు అన్నీ ఎల్ఈడీలే, డ్యాష్‌బోర్డు మీటరు వెనక వెలుగు కంపెనీ నుంచే ఎల్ఈడీ. లైను మీద ఒక్క ఫిలమెంటు కూడా మిగల్లేదు, ఆ కాస్త కరెంటు చాలు నంబర్ ప్లేటు వెలగడానికి. ముందు పార్కింగ్‌లో ఒక మామూలు టీ10 పెట్టగానే ఆ మిణుకు మాయమైంది. కారణం ఇదేనని తేలడానికి ఆ పరీక్ష చాలు. దాన్నే మందుగా వాడితే మాత్రం లీకేజీ అలాగే ఉంటుంది.

పైన బ్రేక్ లైటు వెలగడం ఇదే కథ తిరగేసింది. నంబర్ ప్లేటు వెలిగితే నవ్వుకుని ఊరుకోవచ్చు, దీన్ని వదలకూడదు. కొన్ని బండ్లలో ఇంజను కంప్యూటరుకి, ఏబీఎస్‌కి, ఆటోమేటిక్ గేరు లాక్‌కి బ్రేకు సిగ్నల్ ఈ బ్రేక్ లైటు లైను నుంచే వెళ్తుంది.

బల్బు కొన్నాక బిగించే ముందే దీన్ని బల్ల మీద పరీక్షించుకోవచ్చు. మూతి లోహానికి మైనస్, అడుగున ఉన్న రెండు చుక్కల్లో ఒకదానికి ప్లస్ ఇవ్వాలి. రెండో చుక్కకీ మూతికీ మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టరు పెట్టి, దాని మీద వోల్టేజి కొలవాలి. రెసిస్టరు లేకుండా మీటరు మాత్రమే పెడితే మంచి బల్బు కూడా డయోడు లీకేజీ వల్ల కొన్ని వోల్టులు చూపించి తప్పుదారి పట్టిస్తుంది. రెసిస్టరుతో దాదాపు సున్నా రావాలి. ఈ కారులోంచి తీసిన బల్బులు నాలుగు వోల్టుల పైనే చూపించాయి. చుక్కలు మార్చి అటునుంచి కూడా చూడాలి. హార్నెస్ కోసి మధ్యలో డయోడు అతికించే పని కంటే బల్బు మార్చడం ఎప్పుడూ మేలు.

బల్బు ఎంపిక

ఎర్ర బీఏవై15డీ ఎల్ఈడీలు రెండు రకాలు తెచ్చి చూశాం. ఒకటి నెత్తి మీద భూతద్దం లాంటి లెన్సు ఉన్నది, వెలుగంతా సూటిగా ముందుకే చిమ్ముతుంది. రెండోది స్తంభం చుట్టూ, ఫిలమెంటు ఉండే ఎత్తులోనే చిప్పులు అతికించినది, నెత్తి మీద ఒకటి రెండు మాత్రమే.

మొదటిది సూటిగా 120 చూపించింది. అంకె చూస్తే ఇదే గొప్ప. 45 డిగ్రీలు పక్కకి జరిగి కొలిస్తే 4. మామూలు బల్బు అదే కోణంలో 18 ఇచ్చింది. లాంపు వెనక నిలబడి చూస్తే అద్దం మధ్యలో రూపాయి బిళ్ళంత చుక్క మండుతోంది, చుట్టూ రిఫ్లెక్టర్ చీకటి. పక్క లేనులో వస్తున్న లారీ డ్రైవరుకి ఈ కారు బ్రేకు వేసినట్టు కనబడదు. రెండోది సూటిగా 85, పక్కన 14, పార్కింగ్ 9. నిష్పత్తి తొమ్మిది పైన. రిఫ్లెక్టర్ అంచుల దాకా వెలిగింది. పది నిమిషాల వేడి తర్వాత 76. ఇదే ఖాయం చేశాం.

సూటిగా చూస్తే ఇది కూడా మామూలు బల్బు కంటే ఎక్కువ వెలగట్లేదని గమనించాలి. లాభం వేరే చోట ఉంది. ఫిలమెంటు వేడెక్కి పూర్తి వెలుగుకి రావడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది, ఎల్ఈడీకి ఆ ఆలస్యం లేదు. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో వెనక వచ్చే బండి ఆ 0.2 సెకన్లలో ఐదున్నర మీటర్లు ప్రయాణిస్తుంది. దాదాపు ఒక కారు పొడవు కంటే ఎక్కువే. అదిరే రోడ్ల మీద తీగ తెగిపోయే బాధ ఉండదు. మైలేజీ పెరుగుతుందని, బ్యాటరీ ఆదా అవుతుందని చెప్పి అమ్మితే పట్టించుకోనక్కర్లేదు. బ్రేకు తొక్కిన కాసేపు నలభై వాట్లు మిగిలితే ఇంజనుకి అది లెక్కలోకి రాదు.

లోపల రెసిస్టరు మాత్రమే ఉన్న బల్బుకీ, కరెంటుని నిలకడగా ఉంచే డ్రైవరు చిప్పు ఉన్న బల్బుకీ తేడా వోల్టేజి మారినప్పుడు బయటపడుతుంది. తెల్ల చిప్పులు మూడు వరసగా పెట్టి రెసిస్టరుతో నడిపితే, 13.5 నుంచి 12 వోల్టులకి దిగగానే కరెంటు మూడో వంతుకి పైగా తగ్గిపోతుంది, 14.4కి పెరిగితే ఐదో వంతు పెరుగుతుంది. ఏసీ, హెడ్‌లైట్లు వేసి సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో నిలబడ్డప్పుడు లైట్లు డల్లవడానికి ఇది ఒక కారణం. డ్రైవరున్న బల్బులో 11 నుంచి 15 దాకా కరెంటు పెద్దగా కదలదు. "క్యాన్‌బస్" అని రాసిన బల్బు ఈ కారుకి అక్కర్లేదు. బల్బు పోయిందని డ్యాష్‌బోర్డు మీద చెప్పే బండ్ల కోసం అందులో అదనపు లోడు రెసిస్టరు ఇరికిస్తారు, ఆ వేడి చిప్పుల పక్కనే పుడుతుంది. అవసరం లేని చోట అది పెట్టుకోవడం బల్బు ఆయుష్షు తగ్గించుకోవడమే.

ఇండికేటర్లు వెనక్కి

ఒక పక్క రెండు 21 వాట్ల బల్బులు, ఫెండర్ మీద ఒక 5 వాట్లది, మొత్తం 47 వాట్లు. ఇండికేటర్‌ని కొట్టించే ఫ్లాషరు ఈ కరెంటుని చూస్తూ ఉంటుంది. తగ్గితే బల్బు పోయిందనుకుని డ్రైవరుకి తెలియడానికి వేగం పెంచుతుంది. ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి, ఈ కారులో ఆ హద్దు దాటిపోయింది.

దీనికి మార్కెట్లో ఇచ్చే మందు 6 ఓమ్‌లు, 50 వాట్ల బంగారు రంగు రెసిస్టరు, ఒక్కో బల్బుకి ఒకటి. 13.5 వోల్టుల దగ్గర అది 30 వాట్లు కాలుస్తుంది, తీసేసిన బల్బు కంటే ఎక్కువ. హజార్డ్ వేసి రోడ్డు పక్కన అరగంట నిలబెడితే చెయ్యి పెట్టలేనంత వేడి. దాన్ని టేపు చుట్టి హార్నెస్‌కే కట్టేసిన బండ్లలో ఇన్సులేషన్ కరిగి వైర్లు కలిసిపోతాయి. తప్పనిసరై పెట్టాల్సి వస్తే రేకు మీద స్క్రూలతో బిగించాలి, ప్లాస్టిక్‌కీ వైర్లకీ దూరంగా. ఫ్లాషరు విడిగా ఊడే రిలే అయితే లోడుతో పనిలేని ఎల్ఈడీ ఫ్లాషరు పెట్టుకోవడం శుభ్రమైన దారి. ఈ కారులో ఫ్లాషరు బాడీ కంట్రోల్ మాడ్యూల్ (లైట్లని నడిపే కంప్యూటరు పెట్టె) లోపలే ఉంది, మార్చలేం.

రెండిటి జోలికీ పోకుండా నాలుగు ఇండికేటర్లలోనూ మామూలు పసుపు బల్బులే తిరిగి పెట్టాం. ఇండికేటర్ రోజంతా వెలిగేది కాదు, ఎల్ఈడీ వల్ల వచ్చే లాభం అక్కడ తక్కువ, తలనొప్పి ఎక్కువ. పసుపు బల్బు కొనేటప్పుడు పిన్నులు చూసుకోవాలి. పీవై21డబ్ల్యూ మూతిలో పిన్నులు సరిగ్గా ఎదురెదురుగా ఉండవు, 150 డిగ్రీల కోణంలో ఉంటాయి. తెల్ల బల్బు హోల్డర్లో అది ఎక్కదు, బలవంతంగా తిప్పితే హోల్డర్ పగులుతుంది.

బిగింపు

లాంపు డిక్కీ వైపు నుంచి రెండు స్క్రూలతో ఉంది. స్క్రూలు తీశాక పక్కకి కాకుండా సూటిగా వెనక్కి లాగాలి, లేకపోతే బాడీలోకి దిగిన ప్లాస్టిక్ మేకులు విరుగుతాయి. కనెక్టరు ఊడదీసి, లాంపు బల్ల మీద పెట్టి పనిచేసుకోవడం మంచిది.

హోల్డర్ అడుగున రెండు రాగి నాలుకలు ఉంటాయి. ఏళ్ళ తరబడి వేడికి అవి మెత్తబడి కిందికి కుంగుతాయి. ఫిలమెంటు బల్బుకి అలాగే నెట్టుకొస్తాయి గానీ ఎల్ఈడీ మూతి మీది టంకం చుక్కలు ఒక్కోసారి చిన్నవి, అందవు. గుంతలో పడ్డప్పుడు లైటు ఆరి వెలగడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. కరెంటు తీసేసి సన్న స్క్రూడ్రైవరుతో నాలుకల్ని ఒక మిల్లీమీటరు పైకి లేపి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టాం. బల్బుని అదిమి, కుడి వైపు కొద్దిగా తిప్పితే పిన్నులు గాడిలో కూర్చోవాలి. కూర్చోకపోతే తీసి అరచుట్టు తిప్పి పెట్టాలి. సుత్తి పని చేసి తిరగేసి దింపితే పార్కింగ్, బ్రేకు తారుమారవుతాయి. బల్బు తల అద్దానికి తగలకుండా ఖాళీ ఉందా అన్నది కూడా ఇప్పుడే చూడాలి. మామూలు బల్బు పొడవు 53 మిల్లీమీటర్ల లోపు, కొన్ని ఎల్ఈడీలు దాన్ని దాటుతాయి.

బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్చు కూడా మార్చాం. పాతదానిలో కాంటాక్టులు నల్లబడి ఉన్నాయి. ఫిలమెంటు లాగే పెద్ద కరెంటు ఆ మసిని ఎప్పటికప్పుడు కాల్చి శుభ్రం చేస్తుంది. ఎల్ఈడీ లాగే అరకొర కరెంటుకి ఆ శక్తి లేదు, దాంతో లైటు ఒక్కోసారి వెలగదు.

తర్వాత పరీక్ష, వరస తప్పకుండా: పార్కింగ్ ఒక్కటే, బ్రేకు ఒక్కటే, రెండూ కలిపి, ఆపైన ఎడమ ఇండికేటర్, కుడి ఇండికేటర్, రివర్స్. ఒక్కో మెట్టులో వెలగాల్సినవి వెలిగాయా అని మాత్రమే చూస్తే సరిపోదు, వెలగకూడనివి ఆరి ఉన్నాయా అని మిగతావన్నీ చూడాలి. ఇంజను ఆపి ఒకసారి, ఆన్‌లో ఒకసారి. రెండు పక్కలా బ్రేకు 85, 83 వచ్చాయి. నంబర్ ప్లేటు, పైన బ్రేక్ లైటు ఎక్కడివక్కడ ఆరి ఉన్నాయి.

తేమ సంగతి

ఫిలమెంటు తన వేడితో లాంపు లోపలి తేమని ఆరబెడుతూ ఉంటుంది. ఎల్ఈడీ చల్లగా నడుస్తుంది కాబట్టి వానాకాలంలో లోపల చేరిన ఆవిరి అద్దం మీదే నిలిచిపోతుంది. ఎల్ఈడీ మార్చాక "కొత్త బల్బు వల్ల నీళ్ళొస్తున్నాయి" అని వచ్చే బండ్లలో రబ్బరు గాస్కెట్ ముందే గట్టిపడి ఉంటుంది, ఇంతకాలం వేడి కాపాడింది. ఈ కారులోనూ కుడి గాస్కెట్ పగిలి ఉంది, మార్చాం. లాంపు అడుగున ఉండే చిన్న రంధ్రం దుమ్ముతో పూడిపోయి ఉంటే సూదితో తెరవాలి, సిలికాన్‌తో మూయకూడదు.

వేరే బండ్లకి ఇదే పని

పాత 100 సీసీ బైకుల్లో చాలావాటికి హెడ్‌లైటు, టెయిల్ లైటు బ్యాటరీ నుంచి కాక మాగ్నెటో ఏసీ కరెంటు మీద నడుస్తాయి, బ్రేకు మాత్రం బ్యాటరీ మీద. మామూలు ఎల్ఈడీ అక్కడ పెడితే ఐడిల్‌లో మినుకుమినుకుమంటుంది, రేజ్ చేసినప్పుడు వోల్టేజి పొంగితే మాడిపోతుంది. పెద్ద లారీలు, బస్సులు చాలావరకు 24 వోల్టులు కాబట్టి డబ్బా మీద 24 గానీ 10–30 గానీ రాసి ఉండాలి. ఈమధ్య కార్లలో కొన్నిటికి ఒకే 21 వాట్ల తీగని వేగంగా ఆపి వెలిగిస్తూ పార్కింగ్‌గా వాడుకుంటారు. అందులో ఎల్ఈడీ పెడితే అదురుతుంది, ఆపి ఉన్నప్పుడు కూడా కంప్యూటరు పంపే పరీక్ష పల్సులకి తళుక్కుమంటుంది. ఆ బండ్లని కదపకపోవడమే మంచిది.

చట్టం వైపు ఓనరుకి ముందే చెప్పి చేసిన పని ఇది. లాంపుకి ఆమోదం వచ్చింది ఫిలమెంటు బల్బుతో, ఎల్ఈడీ పెట్టాక కొలతలు బాగున్నా ఆ ఆమోదం దానికి వర్తించదు. బండిలో మార్పుల సంగతి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. తెలుపో నీలమో వెనక వైపు మెరిసేలా పెట్టినవీ, బ్రేకు కొడితే టపటపా కొట్టుకునేవీ ముందు పట్టుబడతాయి.

తీసిన రెండు 21/5 మామూలు బల్బుల్ని పాత సాక్సులో చుట్టి డ్యాష్‌బోర్డు అరలో పెట్టాం. హోల్డర్, వైరింగ్ ఏదీ మార్చలేదు కాబట్టి ఫిట్‌నెస్‌కి వెళ్ళేముందో, రాత్రి దారిలో ఒక ఎల్ఈడీ పోతేనో రెండు స్క్రూలు విప్పి పెట్టుకోవచ్చు. ఒక పక్క ఫిలమెంటు, ఒక పక్క ఎల్ఈడీతో మాత్రం నడపకూడదు. ఒకటి ముందు, ఇంకోటి సెకనులో ఐదో వంతు వెనక వెలిగితే దూరం నుంచి చూసేవాడు దాన్ని ఇండికేటర్ అనుకునే ప్రమాదం ఉంది, రెండూ కలిపే మార్చాలి.